డ్యూటీలో ఉన్న మనిషి

గోదావరిఖని శివారులో ఏళ్ల క్రితం మూతపడిన బొగ్గుగనిని ప్రాచీన కట్టడంగా గుర్తిస్తూ పర్యాటక కమిటీ ప్రకటన చేసింది. అందరం హర్షించవలసిన విషయం. మిగతా ఊళ్లకు కోటలున్నాయి, స్తూపాలున్నాయి. మనకు గొయ్యి ఉంది.

కమిటీ అధ్యక్షుడు జగదీశ్వర్ దూరదృష్టి గలవాడు. నిజం బొగ్గు సందర్శకుల బట్టలకు అంటుతుందని గని గోడలకు ఫైబరు బొగ్గు అతికించాడు. ఊటనీళ్లు తోడిపోయడానికి కార్మికులు రాత్రింబవళ్లు మోటార్లు నడిపిన చోటే కృత్రిమ జలపాతం పెట్టించాడు. గనిలోకి దిగేవాళ్లకు ల్యాంపులిచ్చే గదికి ‘ప్రాచీన దీపశాల’ అని బోర్డు తగిలించాడు. గని ముందరి మైసమ్మ రాయి చుట్టూ తాడు కట్టి, ‘గుర్తు తెలియని దేవత’ అని రాయించాడు. రాతిమీద ఆ పొద్దున ఎవరో పూసిన పసుపు ఇంకా తడిగానే ఉంది.

వాతావరణం కోసం ప్రారంభోత్సవం నాడు పాత సైరన్‌ను బాగుచేయించి మోగించారు.

ఆ కూత వినబడేసరికి పక్క కాలనీలో రాయమల్లు అన్నం ముందు కూర్చున్నాడు. బొగ్గెత్తి ఎత్తి నడుము వంగిపోయి రిటైరైన మనిషి, నిటారుగా లేచాడు.

“బొగ్గుబాయి తెరిచిన్రు! లింగవ్వా, టిఫిన్ కట్టు జల్ది!”

“రిటైరై ఎన్నేండ్లాయె నీకు? మతిగిట్ల పోయిందా?” అంది భార్య.

“నాకు గాదే, పోరనికి! బాయి నడిస్తె వానికి నౌకరి రాకపోతదా?”

కొడుకు ప్రశాంత్ మైనింగ్ డిప్లొమా చేసి, సెల్‌ఫోన్ల షాపులో ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నాడు. “బాపూ, అది టూరిస్టుల కోసమే” అని మొత్తుకున్నా వినకుండా రాయమల్లు వాణ్ణి చెయ్యి పట్టి లాక్కుపోయాడు. దారిలో చూస్తే కాలనీ ముసలివాళ్లంతా టిఫిన్ డబ్బాలతో, కొడుకులతో అటే నడుస్తున్నారు.

గని దగ్గర జగదీశ్వర్ ఉపన్యాసం సాగుతోంది. “కార్మికుడే మన చరిత్ర! కార్మికుడే మన గర్వం! దయచేసి కార్మికులు పక్కకు జరగాలి, అతిథులకు కనబడటం లేదు!”

రాయమల్లు తాడు కిందుగా దూరి మైసమ్మకు మొక్కాడు. “తల్లీ, కిందికి పొయ్యేటోళ్లను మళ్ల పైకి తే.” తర్వాత దీపశాల కిటికీలోకి చెయ్యి చాపి ల్యాంపు అడిగాడు.

ముఖ్య అతిథి చప్పట్లు కొట్టాడు. “ఏం సహజ నటన! వీళ్లను ఎక్కణ్ణుంచి తెప్పించారు?”

“హైదరాబాద్ నుంచి సార్” అన్నాడు జగదీశ్వర్, తడుముకోకుండా.

అతిథి కారెక్కాక రాయమల్లు జగదీశ్వర్‌ను పట్టుకున్నాడు. “సారూ, మా పోరనికి నౌకరి గావాలె.”

జగదీశ్వర్ ఆలోచించాడు. గనిలో అన్నీ ఉన్నాయి, కార్మికుడే లేడు. రాయమల్లును పెడదామంటే దగ్గు ఆగడం లేదు, సందర్శకులు జడుసుకుంటారు. ప్రశాంత్‌ను కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఫైబరు బొగ్గును పగలకుండా కొట్టడం పని. చెమట సీసాతో చల్లుతారు.

“షిఫ్టు ఉంటదా?” అడిగాడు రాయమల్లు.

“ఉంటుంది.”

“టోపీ, బూట్లు?”

“ఇస్తాం.”

“గట్లయితె నౌకరే!”

“బాపూ, ఇజ్జత్ పోతదే” అన్నాడు ప్రశాంత్.

“ఫోన్లకు అద్దాలు అంటిస్తె పోలేదారా?”

మర్నాడు జనం విరగబడ్డారు. నస్పూర్ నుంచి, గోలేటి నుంచి, పెద్దపల్లి నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. జలపాతం మహిమ అనుకుని జగదీశ్వర్ మురిసిపోయాడు. కానీ జలపాతం వైపు ఎవరూ తల తిప్పలేదు. అందరూ తిన్నగా వెళ్లి ఫైబరు గోడ ముందు నిలబడ్డారు. టికెట్టు కొని అందరికంటే ముందు నిలబడ్డవాడు రాయమల్లే.

“మావోడే. డ్యూటీల ఉన్నడు” అని వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడు.

వెనక డిగ్రీలు చదివిన పిల్లలు రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. తమ ఈడు మనిషి ఉద్యోగం చేస్తుండగా ఇంత దగ్గర నుంచి చూడటం వాళ్లకు ఇదే మొదలు. సాయంత్రానికి కమిటీ కొత్త బోర్డు పెట్టింది: ‘ఫొటో తీసుకోవచ్చు, ముట్టుకోరాదు.’

మీ ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే తప్పక తీసుకురండి. ఆదివారాలు మాత్రం రద్దీ ఎక్కువ.