మా చేనుకు పచ్చరంగు

ప్రతి చేను గట్టు మీదా బొమ్మలు గీసే మనిషిని ఒకరిని ప్రభుత్వమే కూర్చోబెట్టాలని ఈ పత్రిక ద్వారా గట్టిగా డిమాండ్ చేస్తున్నాను!

వాన లేదు, కరెంటు లేదు, పంటకు ధర లేదు, ఇన్ని ఉండగా ఇదేం కోరిక బయ్యమ్మా అంటారా? అవన్నీ ముప్పై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నాం. అడగనిది ఏదైనా అడిగితే వస్తుందేమోనని నా ఆశ.

తెలియనివాళ్ళకు ముందు సంగతి చెబుతాను. ఈమధ్య ఆదివారాలు బెంగుళూరు నుంచి జనం మా వైపు వస్తున్నారు. మడత స్టూలు, పెద్ద గొడుగు, మూడు కాళ్ళ స్టాండు, రంగుల పెట్టె. వీళ్ళు గదిలో ఫ్యాను కింద కూర్చుని ఫోటో చూసి గీసే రకం కాదు. చెట్టుంటే చెట్టు దగ్గరికే పోతారు, కొండుంటే కొండ ఎదుటే కూర్చుంటారు, వెలుగు మారిపోకముందే గీసేస్తారు. దీన్ని ప్లెనేర్ అంటారట. పేరు ఫ్రెంచి వాళ్ళది. ఎండ మాత్రం మనదే.

వీళ్ళవల్ల ఎంత మేలు జరిగిందో మీకు తెలుసా?

మదనపల్లెలో టమోటా ధర పడిపోయి రోడ్డు పక్కన పారబోస్తే, ఒకప్పుడు ఆవులు తప్ప ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. మొన్న ఆ కుప్ప చుట్టూ ఆరుగురు గొడుగులేసుకుని కూర్చున్నారు. "ఈ ఎరుపు ట్యూబులో దొరకదు" అని ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పండించినవాడూ పక్కన నిలబడి ఏడుస్తున్నాడు కాబట్టి ఆయనకు తోడు దొరికింది.

పుంగనూరులో బైరప్పకు ఒక పొట్టి ఆవు ఉంది. మనిషి నడుముకు కూడా రాదు. దాన్ని గీసినవాళ్ళు నేల మీద బోర్లా పడుకుని గీశారు. బొమ్మలో పక్కన మనిషి లేడు, వెనక ఆకాశం ఉంది. ఆవు ఏనుగంత అయింది! ఇప్పుడు బైరప్ప ఇంటికొచ్చిన వాళ్ళకు ఆవును చూపించడం మానేశాడు. బొమ్మనే చూపిస్తున్నాడు. ఆవుకు కొంచెం బాధగానే ఉందట.

కుప్పం దగ్గర మా చెల్లెలి ఊళ్ళో పైకప్పు ఎగిరిపోయిన బస్సు షెల్టరు ఒకటుంది. కప్పు వేయండని ఊరివాళ్ళు పదేళ్ళుగా పోరుతున్నారు. బొమ్మలవాళ్ళు వచ్చి, లోపలికి వెలుగు ఎంత బాగా పడుతోందో అని మురిసిపోయారు. అది లోపం కాదు, అందం అని అప్పటిగ్గాని ఊరికి తెలియలేదు. ఇక అర్జీలు పెట్టాల్సిన పనే లేదు!

సరే, నా చేను సంగతికి వస్తాను.

నిమ్మనపల్లె దారిలో నాకు రెండెకరాల మెట్ట ఉంది. మా ఆయన దేవప్ప పోయాక నేనే చేస్తున్నాను. ఈ ఏడు చెనక్కాయ, అదే వేరుశెనగ, వేశాను. ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళకు వాన మొహం చాటేసింది. పైరు ముందు వాడింది, తర్వాత పసుపు తిరిగింది, ఆ తర్వాత పట్టుకుంటే చేతిలో పొడి అయ్యేది. సరిగ్గా అప్పుడు వచ్చారు బొమ్మలవాళ్ళు.

వాళ్ళకు గురువు కృష్ణప్ప మాస్టారు. బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన పుంగనూరు మనిషి. శిష్యురాలు కల్పన, బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేసే పిల్ల. నా చేను అంచున ఆ పిల్లను కూర్చోబెట్టి మాస్టారు పాఠం చెబుతుంటే నేనూ విన్నాను. వినడానికి ఫీజు లేదు కదా.

మొదటి పాఠం, కళ్ళు సగం మూసి చూడాలి. అప్పుడు చిన్నచిన్నవన్నీ మాయమై పెద్దవే మిగులుతాయి. నాకిది కొత్త కాదు. ఆఫీసుల ముందు లైన్లో నిలబడినప్పుడు లోపలివాళ్ళు మమ్మల్ని ఇట్లాగే చూస్తారు. రెండో పాఠం, దూరం పోయేకొద్దీ ప్రతిదీ నీలంగా, చల్లగా కనిపిస్తుంది. ఇదీ నిజమే. మా కరువు రాజధాని నుంచి చూస్తే ఎంత చల్లగా ఉంటుందో! మూడో పాఠం మాత్రం నాకు కొత్తది. కంటితో చూడనిదాన్ని కాగితం మీద పెట్టకూడదు. ఈ మాట మాస్టారు మూడుసార్లు చెప్పారు.

ఇంతలో పక్క చేను కొండప్ప గొర్రెలు తోలుకుంటూ వచ్చాడు. మా చేనుకు ఇటూ అటూ ఉన్న చేలు రెండూ అతనివే.

"ఏం వదినా, మీ చేన్లో సినిమా తీస్తాండారా?"

"సినిమా కాదప్పా. బొమ్మ గీస్తాండారు."

"ఈ చేన్నా? నా గొర్రెలే దీని తట్టు తిరిగి సూడ్డం ల్యా. బెంగుళూరు నుంచి వచ్చి వీళ్ళేం సూస్తాండారు?"

"నీ గొర్రెలకు కళ సంగతేం తెలుసప్పా."

అతనితో అలా అన్నానుగానీ, వెళ్ళి బొమ్మ చూస్తే నా గుండె జారింది. కల్పన చేనును ఉన్నదున్నట్టు దించింది. ఎండిన ఆకు, మధ్యమధ్య బట్టతలలాగా ఎర్రమట్టి. ఈ బొమ్మలన్నీ మదనపల్లెలో ఒక హాల్లో పెడతారని, నలుగురూ వచ్చి చూస్తారని చెప్పింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. చేను ఎట్లుండాది అని దారిలో ఎవరైనా అడిగితే, ఎండి కట్టెలైనా సరే, "ఉండాదిలే" అంటాం. ఎండిన చేనును ఎత్తి చూపడం మాకు ఇంటి గుట్టు వీధిలో పెట్టినట్టు. అందులోనూ నాది మగదిక్కు లేని చేను. దేవప్ప పోతానే ఆయమ్మ చేను ఎండబెట్టింది అనుకోరా?

"పాపా, కొంచెం పచ్చరంగు వెయ్యి" అన్నాను.

"ఉన్నది ఉన్నట్టే వెయ్యాలంటారమ్మా మాస్టారు."

"మాస్టారు అట్లనే అంటారు. ఆయన చేనా ఇది? మజ్జిగ తాగు, తాగి వెయ్యి."

మాస్టారు ఆవలి గట్టు మీద ఇంకొకరి బొమ్మ దిద్దుతున్నారు. పిల్ల రెండు గ్లాసులు తాగింది. మజ్జిగలో ఉప్పు వేశాను కాబట్టి మాట కాదనలేకపోయింది. చేను పచ్చబడింది! వాన చేయలేని పని మజ్జిగ చేసింది.

అంతటితో ఊరుకుంటే నేను బయ్యమ్మనే కాదు. "నీ చేను కదమ్మా, మూలన నీ పేరు రాయి" అని పిల్ల కుంచె ఇచ్చింది. యాభై ఆరో ఏట అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నేర్చుకున్నప్పటి నుంచీ రాసినవన్నీ అర్జీలే. పేరు రాయమంటే ఉత్త పేరుతో చెయ్యి ఆగదు. "బయ్యమ్మ, భర్త లేటు దేవప్ప, సర్వే నంబరు 214/2, విస్తీర్ణం రెండెకరాలు" అని పూర్తిగా రాసి, కింద తేదీ వేశాను.

హాల్లో నా చేనుకు మంచి పేరొచ్చింది. ఆ రోజు అతిథిగా వచ్చిన ఒక ఆఫీసరు సారుకు దాన్నే కానుకగా ఇచ్చారు. ఏ ఆఫీసో, ఏ ఊళ్ళోదో చెప్పను. సారు దాన్ని తన కుర్చీకి ఎదురుగోడకు తగిలించుకున్నారు.

నెల తిరిగేసరికి పంట నష్టం జాబితా వచ్చింది. సారు ఎవరి చేనుకూ రాలేదు. మా ఊరంతా ఎండిపోయిందని ఫోన్లోనే కనుక్కుని, కుర్చీలోనే కూర్చుని రాసేశారు. కొండప్ప పేరుంది. అందరి పేర్లూ ఉన్నాయి. నాది లేదు. పేరు లేకపోతే పరిహారం లేదు, అది లేకపోతే వచ్చే పంటకారుకు నాకు విత్తనం లేదు.

ఆఫీసుకు పోయాను. సారు మర్యాదస్తులు, కూర్చోమన్నారు.

"నీ చేను బాగుందమ్మా. రోజూ చూస్తానే ఉండాను" అని గోడవైపు చెయ్యి చూపించారు. "సర్వే నంబరు కూడా ఉండాది కదా. రాసింది నువ్వే కదా?"

"నేనే సారూ. ఆ పచ్చ మాత్రం రంగు."

"తేదీ కూడా వేసినావు."

"గట్టుకు ఇటు కొండప్పది ఎండింది, అటు కొండప్పది ఎండింది. నడిమధ్యలో నాదొక్కటే పచ్చగా ఉండాదంటే, వాన సర్వే నంబరు సూసి కురిసిందా సారూ?"

"ఏమోనమ్మా. చేతిరాత సాక్ష్యం ఉంటే నేనేం చేసేది?"

"ఒకసారి వచ్చి సూడండి సారూ. పదకొండు కిలోమీటర్లే."

"ఎండమ్మా" అన్నారు సారు. ఆ మాట మాత్రం నిజం.

ఇంటికొచ్చి కల్పనకు ఫోను చేశాను. పాపం, పిల్ల ఫోన్లోనే ఏడ్చింది. తర్వాతి ఆదివారం తెల్లారేసరికి బస్సు దిగింది. మూడు గంటలు ఎండలో కూర్చుంది. ఈసారి నేను మజ్జిగ ఇచ్చానుగానీ రంగు గురించి నోరెత్తలేదు. ఎండిన ఆకులో ఒక్కటి కూడా వదలకుండా దించింది. మూలన మళ్ళీ అంతా రాశాను, తేదీతో సహా.

సోమవారం తీసుకుపోయి సారు బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళు సగం మూసి చాలాసేపు చూశారు. మాస్టారు దగ్గర నేర్చుకున్నారేమో అనుకున్నాను.

"బాగుందమ్మా. కానీ ఈ రంగు నా గోడకు నప్పదు. ఆ పచ్చదే ఉండనీ."

బయట కొండప్ప నా కోసం కాచుకుని ఉన్నాడు. "ఏమన్నాడు వదినా?" అని అడిగాడు. "ఉండాదిలే" అన్నాను.

కాబట్టి పాఠకులారా, నా డిమాండులో చిన్న సవరణ. బొమ్మలు గీసేవాళ్ళను ప్రభుత్వం ప్రత్యేకంగా పంపనక్కర్లేదు. వాళ్ళు నూట ఇరవై కిలోమీటర్ల నుంచి, ఎవరూ పిలవకపోయినా, సొంత ఖర్చుతో వచ్చి, ఎండలో కూర్చుని నా చేనును చూసిపోతున్నారు. ఆ మడత స్టూలు మీద ఒక్క గంట సారును కూర్చోబెట్టండి చాలు. కుంచె పట్టనక్కర్లేదు, బొమ్మ రాకపోయినా ఫరవాలేదు. ఉప్పేసిన మజ్జిగ ఇస్తాను.

గొడుగు నేనే పట్టుకుంటాను.