ముద్ర వేసిన కుండలు

లోకంలో నిప్పు పుట్టిన నాటి నుంచి దాన్ని అదుపులో పెట్టినవారు లేరు. ఆ లోటు 1884లో మా తాలూకాలో తీరింది. ప్రతి గడ్డిమేటు పక్కనా ఏడు నీళ్ళకుండలు ఉంచాలని, వాటికి కచేరీవారు లక్కముద్ర వేయాలని, అధికారి అనుమతి లేనిదే ముద్ర విప్పరాదని ఉత్తర్వు వచ్చింది. (ముద్ర లేకపోతే జనం దాహమేసి తాగేస్తారట. మా జనం అంతకు తగినవాళ్ళే.)

ఉత్తర్వు అమలుకు అగ్నిభయ నివారణాధికారి పల్లంరాజుగారు గుర్రమెక్కి, ఆత్రేయపురం అవతలున్న మా ఊరికి వేంచేశారు. మొదటి మేటు సుబ్బాయమ్మది. ఆవిడకు మొగుడు లేడు, రెండు గేదెలున్నాయి. తొలకరి దాకా వాటి మేత ఆ గడ్డే. అది పోతే గేదెలను అమ్మకానికి సంతకు తోలాల్సిందే.

అధికారిగారు కుండలు లెక్కపెట్టారు. ఏడూ ఉన్నాయి. దగ్గర్లో ఎవరి దగ్గరైనా నిప్పుందా అని విచారించారు. సుబ్బాయమ్మ లేదన్నట్టు తల ఊపింది. అప్పుడావిడ అడ్డపొగ తాగుతోంది. అంటే చుట్ట కాలేవైపు నోట్లో ఉంది. మా వైపు చాలామంది ఆడవాళ్ళు అలాగే తాగుతారు. కనబడని నిప్పు ఉత్తర్వు కిందికి రాదు కాబట్టి అధికారిగారు తృప్తిపడి, లక్క కరిగించడానికి మేటు పక్కనే కుంపటి రాజేయించారు. కాస్త అవతల పెట్టించండని సుబ్బాయమ్మ బతిమాలింది. ముద్ర మేటు పక్కనే వేయాలని రెండో నిబంధన చెబుతోందట.

గోదారి మీంచి గాలి కొడుతోంది. (గాలికి ఉత్తర్వు అందినట్టు లేదు.) ఏడో కుండకు ముద్ర పడిందో లేదో, రవ్వ ఎగిరి మేటు అంచు అంటుకుంది.

పల్లంరాజుగారు చలించలేదు. ముద్ర విప్పడానికి అర్జీ పెట్టుకోమన్నారు. సుబ్బాయమ్మ అర్జీ పెట్టలేదు. ఒక ముద్ర పీకేసి కుండెడు నీళ్ళూ గుమ్మరించింది. మోపెడు గడ్డి కాలి మంట ఆరింది.

నిప్పు ఎవరు తెచ్చారని అధికారిగారు గర్జించారు. సుబ్బాయమ్మ నోట్లోంచి చుట్ట తీసి చూపించింది.

“నా నిప్పు నోట్లోనే ఉందండి బాబుగారూ. బయట తిరిగింది మీదేనండి.”

గేదెల మేత దక్కినందుకు ఊరంతా సంబరపడ్డాం. నివేదికలో మాత్రం నష్టం కింద ఒక ముద్ర అని రాసుకున్నారు. ప్రజల దగ్గర కుండలకు రక్షణ లేదని తేలినందున, మిగిలిన ఆరింటినీ బండికెత్తి కచేరీలో భద్రపరిచారు. కచేరీది పెంకుటిల్లు, ఆవరణలో గడ్డిపరక ఉండదు. అక్కడ ఇంతవరకూ ఒక్క అగ్నిప్రమాదమూ జరగలేదు. అదంతా కుండల చలవేనని పైకి రాశారు.