ఆవులింత మీద విచారణ

నాకు చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. గ్రహణం రోజు గర్భిణి కత్తిపీట ముట్టినా, ఆకాశం చూసినా, అటూ ఇటూ మసిలినా పుట్టే బిడ్డకు పెదవి చీలుతుందని మా పెద్దలు చెప్పారు. నేను నమ్ముతాను. గ్రహణం విడిచి తలస్నానం అయ్యేదాకా నేను మంచినీళ్ళు కూడా ముట్టను. కాని మా పుంగనూరు ఆవులు చూడితో ఉన్నప్పుడు కూడా గ్రహణంలో బయటే ఉంటాయి. గడ్డి కొరుకుతాయి, కొమ్ములతో గోడ గీరుతాయి, తీరిగ్గా ఆకాశం కేసి చూస్తాయి. వాటి దూడల మూతులు మాత్రం చక్కగా ఉంటాయి. ఎవరినైనా అడుగుదామంటే ఆవు దేవత, పంచాంగం శాస్త్రం. ఆ ఇద్దరి మధ్య ఒక గృహస్థుడు దూరడం మర్యాద కాదని ఊరుకున్నాను.

మా పక్కిల్లు వెంకటస్వామిది. మదనపల్లెలో టమాటా మండీ నడుపుతాడు. బుట్టలో చెయ్యి పెడితే చాలు, ఏ పండు ఎక్కడ దెబ్బతిన్నదో చెప్పేస్తాడు. ఆ విద్య మనుషుల విషయంలోనూ పనికొస్తుందని ఆయన నమ్మకం. ఆయన కోడలు కీర్తికి మొన్న కార్తీకంలో మదనపల్లె ఆసుపత్రిలో ఆడబిడ్డ పుట్టింది. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. లోపల అంగిలి కూడా కలవలేదు. డాక్టరమ్మ అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఇది కడుపులో రెండో నెలలోనే జరిగిపోతుందనీ, ఇందులో తల్లి తప్పేమీ లేదనీ, ముందు పెదవికి, ఆ తర్వాత అంగిలికి ఆపరేషన్ చేయవచ్చనీ, అందాకా బిడ్డ బరువు పెరగాలనీ చెప్పింది.

వెంకటస్వామి ఇదంతా శ్రద్ధగా విన్నాడు. ఇంటికి వచ్చి, తల్లి చేసిన తప్పేమిటో తేల్చడానికి సభ పెట్టాడు.

సభకు ఆయనే అధ్యక్షుడు. ఆయన భార్య సుభద్రమ్మ ప్రధాన సాక్షి. ఇరుగుపొరుగు తరఫున నన్ను పిలిచి కాఫీ ఇచ్చారు. ముద్దాయి పక్క గదిలో బిడ్డను నిటారుగా పట్టుకుని, పిండిన పాలు ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పోస్తోంది. సగం పాలు ముక్కులోంచి వెనక్కి వస్తున్నాయి. తుడిచి మళ్ళీ పోస్తోంది. ఒక పూట పాలు అయ్యేసరికి ఇంకో పూట వచ్చేస్తోంది. సభ్యులు ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళి, బిడ్డ నోట్లోకి తొంగిచూసి, తృప్తిగా నిట్టూర్చి వచ్చి కూర్చున్నారు.

సభకు ఒక చిక్కు వచ్చింది. కిందటి గ్రహణం నాటికి కీర్తికి ఏడో నెల. ఆ రోజంతా ఆమె తలుపులు మూసిన గదిలో, పక్కన దర్భ పెట్టుకుని, కట్టెలాగా పడుకుంది. గుమ్మంలో కాపలా కూర్చున్నది సుభద్రమ్మే.

"రెండో నెలలో చీలిన పెదవిని ఏడో నెలలో వచ్చిన గ్రహణం ఎట్లా చీలుస్తుందప్పా?" అని నేను మెల్లగా అడిగాను.

"సెంద్రుణ్ణే మింగేదానికి అయిదు నెలలు ఎనక్కి పొయ్యేది ఒక లెక్కా?" అన్నాడు వెంకటస్వామి.

సభ తలూపింది. నేనూ ఊపాను. కాఫీ ఇంకా సగం ఉంది.

సుభద్రమ్మ గది వైపు తిరిగింది. "ఆ పొద్దు ఏం జేసినావో బాగా గెవనం తెచ్చుకోమ్మా."

"ఏమీ సెయ్యలేదత్తా. కాలు గూడా ముడుసుకోలేదు. పడుకోని పడుకోని ఒక తూరి ఆవులించినాను, అంతే."

అందరి మొహాలూ విచ్చుకున్నాయి. గ్రహణకాలంలో తల్లి నోరు తెరిచిన కారణంగా బిడ్డ నోరు మూతపడలేదని ఏకగ్రీవంగా తీర్మానించారు. గర్భిణులు గ్రహణంలో ఆవులించరాదన్న నియమం ఆ రోజే మా వీధిలో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు పలమనేరు దాకా పాటిస్తున్నారని వినికిడి.

"తీర్పు అయిపోయింది గదా, ఎవరన్నా వచ్చి ఒక గెడి బిడ్డను పట్టుకుంటే నేను నిద్దరపోతాను" అంది కీర్తి. సభ్యులందరికీ ఒకేసారి ఇంటి పనులు గుర్తొచ్చాయి.

ఆ ఉగ్గుగిన్నెతోనే ఆమె బిడ్డను కావలసిన బరువుకు తెచ్చింది. కుప్పం ఆసుపత్రికి ఇలాంటి ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు ఆర్నెల్లకొకసారి వస్తాడు. బిడ్డకు రోజు ఇచ్చారు. పంచాంగం తీస్తే ఆ రోజే చంద్రగ్రహణం.

వెంకటస్వామి మిద్దె మెట్ల మీద నిలబడి ప్రసంగించాడు. "గ్రహణం రోజు బిడ్డకు కత్తి పెట్టించేదా? మన వంశంలో అట్లాంటి పని యాడా జరగలేదు. ఆర్నెల్లు తాళుదాం. నిదానంగా మంచి రోజు సూసుకోని పోదాం."

"ఆ ఆర్నెల్లూ పాలు పోసేది మీరా మామా?" అంది కీర్తి.

ఆమె భర్త లోహిత్ తన తండ్రి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, ఆ తర్వాత సెల్‌ఫోన్ చూసుకున్నాడు.

గ్రహణం సాయంత్రమైనా, దానికి ముందు పాటించాల్సిన వేధ తెల్లవారే మొదలైంది. గుడి మూశారు. అంగళ్ళు మూశారు. వెంకటస్వామి కుటుంబం శాస్త్రోక్తంగా గదుల్లో కూర్చుంది. అప్పుడు కీర్తి బిడ్డను భుజాన వేసుకుని గడప దాటింది. ఆమెను ఆపాలంటే తామూ గడప దాటాలి. దాటకూడదు. నేనూ నియమం తప్పకుండా ఇంట్లోనే ఉండి కిటికీ సందులోంచి చూశాను.

"యాడికి పోతాండావు? ఎనక్కి రామ్మా" అని వెంకటస్వామి కిటికీలోంచి కేక వేశాడు.

"మీరు బయటికి రావద్దండి మామా, గ్రహణం" అంది కీర్తి ఎంతో గౌరవంగా.

ఇంకో కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఆసుపత్రి కాగితాల సంచీ అందించింది. అది లోహిత్ చెయ్యి. చెయ్యి చాపకూడదని పంచాంగంలో ఎక్కడా లేదు.

బస్సు ఖాళీ. ఆసుపత్రి ఇంకా ఖాళీ. ఆ రోజు రావలసిన మిగతా బిడ్డలందరి ఇళ్ళలోనూ ఒక్కొక్క వెంకటస్వామి ఉన్నాడు. రోగుల కోసం ఎదురుచూసి విసిగిపోయిన పెద్ద డాక్టరు, వచ్చిన ఒక్క బిడ్డకూ ఎవరూ తొందరపెట్టకుండా, పట్టుచీరకు అంచు కుట్టినంత ఓపికగా కుట్లు వేశాడు. గ్రహణం విడిచి, స్నానం చేసి, లోహిత్ తడి తలతో కుప్పం చేరేసరికి బిడ్డ పెదవి కలిసిపోయి ఉంది.

వెంకటస్వామి రెండో తీర్పు చెప్పాడు. "గ్రహణం ఇచ్చిందాన్ని గ్రహణమే తీసుకునింది. నేను ముందే అనుకున్నా." ఆపరేషన్‌కని బిడ్డకు పాలు ఆపిన సంగతి తెలిసి, ఇంత చిన్న వయసులో గ్రహణం ఉపవాసం చేసిందని సుభద్రమ్మ కళ్ళు ఒత్తుకుంది. అంగిలి ఆపరేషన్‌కు వచ్చే గ్రహణం ఎప్పుడో ఇప్పుడు పంచాంగంలో వెతుకుతున్నారు. ఆ రోజు రాకుండా ఉండిపోయిన వాళ్ళు కూడా ఆ తేదీయే కావాలని ఆసుపత్రికి ఫోన్లు చేస్తున్నారట.

ఇంకొక్క మాట. ఆ బిడ్డ పెదవి సంగతి, అంగిలి సంగతి, తల్లి ఆవులింత సంగతి మనకందరికీ తెలుసు. మా వీధిలో అన్ని నెలలూ 'గ్రహణం బిడ్డ' అనే పిలిచాం. నోరు బాగయ్యాక పేరు పెడదామని ఇంట్లో వాయిదా వేశారు. కుప్పంలో నర్సు "పేరేందమ్మా" అని అడిగినప్పుడు కీర్తి పక్కన ఎవరూ లేరు. ముందు బిడ్డ చెవిలో చెప్పి, ఆ తర్వాత నర్సుకు చెప్పింది. పుట్టిన నాటి నుంచీ ఆ బిడ్డకు మేము బాకీ ఉన్నది అలా తీరింది.

యశ్విత. ఇంత దూరం చదివి మీరూ అడగలేదు గనక చెబుతున్నాను.