ముల్లు గీత దాటాలి

ఆ రోజు పొద్దున ఇన్సూరెన్సు ఏజెంటు గారి కార్యక్రమం చాలా చిన్నది. మున్సిపల్ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాడు, పక్కింటి వడ్రంగి షెడ్డులో రంపం మిషను రొద వింటాడు, నోటీసు రాసిచ్చి వెళ్ళిపోతాడు. ఇక ఏజెంటు గారి భార్య హాయిగా నిద్రపోతుంది.

ఆవిడ ఆసుపత్రిలో నర్సు. రాత్రంతా డ్యూటీ చేసి, పొద్దున్నే వచ్చి పడుకుంటుంది. కన్ను అలా మూతపడుతుందో లేదో ఉలిక్కిపడి లేచి కూర్చుంటుంది. ఇలాగే ఉంటే నర్సుల హాస్టల్లో మంచం తీసుకుంటానని ముందురోజే ఖరాఖండిగా చెప్పేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు పెళ్ళాం హాస్టల్లో చేరిందంటే నలుగురిలో తలెత్తుకోగలడా? మనలో మాట, ఆవిడ లేని ఇల్లు ఆయనకు ఇల్లే కాదు. ఆ సంగతి పైకి అనడు గానీ, దాని కోసమే కొన్ని నెలలుగా రోజూ ఫోను చేసి మున్సిపల్ ఆఫీసు వాళ్ళ ప్రాణం తోడేస్తున్నాడు.

"ఏమండీ, అసలు నాకు నిద్ర ఎందుకు పట్టట్లేదంటే..." అంది భార్య దుప్పటి కప్పుకుంటూ.

"నాకు తెలీదూ! నువ్వు పడుకో. ఇవాళ్టితో ఆ మేస్త్రీ ఆట కట్టు," అని తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాడు.

ఇన్‌స్పెక్టరు చెప్పిన మాట ప్రకారం వచ్చాడు. సంచిలోంచి చప్పుడు కొలిచే మీటరు తీసి, పిట్టగోడ మీద పెట్టి, చెవులు రిక్కించాడు. షెడ్డులో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దంగా ఉంది.

"ముల్లు ఈ ఎర్రగీత దాటితేనే నోటీసు సార్. దాటకపోతే మీ ఫిర్యాదు మూసేస్తాం. మళ్ళీ తెరిపించాలంటే ఏడాది పడుతుంది," అన్నాడు ఆవులిస్తూ.

ఏజెంటు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గోడ దూకి షెడ్డులోకి పరుగెత్తాడు. వడ్రంగి బల్లమీద కాళ్ళు చాపుకుని పేపరు చదువుకుంటున్నాడు.

"ఏం మేస్త్రీ, పని లేదా?"

"రంపం బ్లేడు సాన పట్టడానికి ఇచ్చానండి. సాయంత్రం దాకా సెలవే. మీకూ ప్రశాంతంగా ఉంటుంది కదా!"

"ప్రశాంతత ఎవడిక్కావాలయ్యా! కాస్త చప్పుడు చెయ్యి."

వడ్రంగి తెల్లమొహం వేశాడు. నీ మీద నోటీసు రాయించడానికని చెప్పలేడు కదా పాపం ఏజెంటు. "ఆఫీసరు గారొచ్చారు. మీటరు కొత్తదట. పనిచేస్తుందో లేదో చూసుకోవాలట," అన్నాడు.

సాయం అడిగితే కాదనే రకం కాదు వడ్రంగి. సుత్తి అందుకుని చెక్క మీద నాలుగు బాదాడు. గోడవతల ఇన్‌స్పెక్టరు పెదవి విరిచాడు. "సగం కూడా రాలేదు సార్!"

"గట్టిగా కొట్టవయ్యా, అన్నం తినలేదా?"

"చెక్క ఇంతకన్నా ఏం పలుకుతుందండీ? ఇనుమైతే చెప్పిన మాట వింటుంది," అని వడ్రంగి వీధిలో పోతున్న పాత ఇనుప సామాన్లతన్ని కేకేశాడు. సంగతి విని అతనికీ హుషారొచ్చింది. తోపుడు బండిని షెడ్డు ముందు ఒక్కసారిగా బోర్లించాడు. వీధంతా దద్దరిల్లింది. ముల్లు గీత అంచుదాకా వచ్చి, సిగ్గుపడ్డట్టు వెనక్కి జారింది.

"అయ్యయ్యో, కొంచెంలో పోయింది!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయనకీ పట్టుదల పెరిగింది.

ఇక వీళ్ళని నమ్ముకుంటే లాభం లేదని ఏజెంటు చొక్కా చేతులు మడిచాడు. కుప్పలోంచి ఓ ఖాళీ డ్రమ్ము లాగి, ఇనుప కడ్డీతో పూనకం వచ్చినవాడిలా వాయించాడు.

"దాటింది! దాటింది!" ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి గెంతాడు. సర్వీసు మొత్తంలో ఆయన వెళ్ళేసరికి చప్పుడు ఆగిపోవడమే గానీ, ఇలా ముల్లు గీత దాటిన పాపాన పోలేదు. ఆ సంబరంలోనే నోటీసు రాసి, చింపి, ఏజెంటు చేతిలో పెట్టాడు.

"నాకెందుకండీ? మేస్త్రీకివ్వండి!"

"ముల్లు దాటినప్పుడు డ్రమ్ము కొడుతున్నది మీరే కదా సార్?"

"మీకోసమే కదయ్యా కొట్టింది!"

"ఎందుకు కొట్టారన్నది మా శాఖ కాదు సార్. ఎవరు కొట్టారన్నంత వరకే మాది," అని మీటరును ముద్దుగా తుడుచుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఏజెంటుకు, లోపల భార్య పడుకుని ఉందని. పరుగున వెళ్ళి తలుపు సందులోంచి చూశాడు. ఆవిడ గుర్రుపెట్టి నిద్రపోతోంది! హమ్మయ్య అనుకున్నాడు గానీ, చేతిలో నోటీసు చూడగానే ఒళ్ళు మండిపోయింది. ముందుగదిలోకొచ్చి ఫోనందుకున్నాడు.

"హలో! మున్సిపల్ ఆఫీసేనా?"

లోపల మంచం కిర్రుమంది. భార్య జుట్టు ముడేసుకుంటూ గుమ్మంలోకొచ్చింది. "లేపేశారా? అయిందా సంబరం?"

"నేను లేపడమేంటి? ఇందాక డ్రమ్ములు మోగితే కదల్లేదే నువ్వు!"

"ఏ డ్రమ్ములు? వార్డులో రాత్రంతా ట్రాలీలు, మిషన్లు, మూలుగులు. వాటి మధ్యే కునుకు తీసేదాన్ని, నాకు రంపం ఒక లెక్కా? నేనిలా కన్ను మూస్తానో లేదో, మీరలా ఫోనందుకుని 'హలో' అని పొలికేక పెడతారు చూడండీ, దానికి గుండె జారిపోతోంది నాకు. చెప్పబోతే ఒక్కనాడైనా విన్నారా?"

ఏజెంటు ఫోను మెల్లగా పెట్టేశాడు. "మరి... హాస్టలు?" అన్నాడు. ఆయన గొంతు అంత కిందికి దిగగలదని ఆవిడకు అప్పటిదాకా తెలీదు.

"ఇంట్లో ఇలా మాట్లాడే మనిషుంటే నాకు హాస్టలెందుకండీ," అని నవ్వి, వెళ్ళి పడుకుంది. మళ్ళీ సాయంత్రం దాకా లేవలేదు.

కానీ నోటీసు మీద అప్పీలు చేసుకోవాలి కదా. మున్సిపల్ ఆఫీసులో చిన్న గొంతు ఎవరికీ వినపడదాయె. అందుకని ఏజెంటు ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోను పట్టుకుని వడ్రంగి షెడ్డులోకి వెళ్ళిపోతున్నాడు.

నిన్న వడ్రంగి మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి, తనకు పని సాగనివ్వని రొద గురించి ఫిర్యాదు ఇచ్చి వచ్చాడు.