స్టెబిలైజరుకి లేసు తొడుగు

2022 జూన్ పదకొండు, శనివారం. ఆ పూట జగన్నాథరావు మాస్టారింట్లో చింతచిగురూ ఎండురొయ్యలూ వండారు. తేదీ గుర్తుండిపోవడానికి కారణం రొయ్యలు కావు. మూడో ముద్ద నోట్లో ఉండగా వీధిలో ఆటో ఆగింది. అందులోంచి రెండు నల్లటి పెట్టెలు దిగాయి. ఆ తర్వాత మూడు వారాలపాటు ఆయన ఏ ముద్దా ప్రశాంతంగా మింగలేదు.

మాస్టారు నరసాపురంలో పిల్లలకి సోషల్ చెబుతారు. మనసు మాత్రం పెరటివైపు గదిలో ఉంటుంది. అక్కడ ఒక కంప్యూటరు, ఒక మైకు, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. దాన్ని ఆయన స్టూడియో అంటారు. ఆయన భార్య సత్యకుమారి గుడ్లగది అంటుంది.

సత్యకుమారిది లేసు వ్యాపారం. ఊళ్లో నలభై మంది ఆడవాళ్లు ఆమె దగ్గర దారం తీసుకెళ్లి, అల్లి తెస్తారు. దుప్పట్లూ టేబులు గుడ్డలూ పెట్టెలకెక్కి పైదేశాలకి పోతాయి. పోయేదాకా మాత్రం మంచం కిందా, సోఫా మీదా, దేవుడి గదిలోనూ ఉంటాయి. ఆమెకి ఆ గుడ్లగది కావాలి.

"జులై మొదటి ఆదివారం దాకా చూస్తానండి," అని ఆమె ముందే తేల్చి చెప్పింది. "ఎజ్రాగారి చర్చి పాటలు అయిదూ రికార్డు చేసిస్తానన్నారుగా. ఆయన చేత బాగుందనిపించుకోండి, గది మీదే. లేదా, దారం లోపలికి, గుడ్ల అట్టలు బయటికి."

ఎజ్రా రేవులో పంటు మీద జనాన్ని గోదారి దాటించి టిక్కెట్లు కోస్తాడు. ఆదివారాల్లో చర్చిలో పాటల బృందాన్ని నడుపుతాడు. ఇంజను చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పగల చెవి అతనిది. ఆ చెవిని మెప్పించాలనే మాస్టారు రాజమండ్రిలో మూతపడ్డ స్టూడియో నుంచి ఈ రెండు స్పీకర్లనీ చౌకగా తెచ్చారు.

సత్యకుమారి పెట్టెల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"వీటికి తోక లేదేంటండీ?"

నిజమే. ప్లగ్గు లేదు, వైరు లేదు. వెనకాల ఒక ఎర్ర మర, ఒక నల్ల మర. మాస్టారు ఎజ్రాకి ఫోన్ చేసి, గాభరాలో స్పీకరు బటన్ నొక్కేశారు.

"అయి పాసివ్ అండి మాస్టారూ. వాటంతటవి పాడవు. వెనకాల ఆంప్లిఫైయరు పెట్టి తొయ్యాలండి."

"వెనకాలెవరో తొయ్యాలా? అచ్చం మీలాగే," అంది సత్యకుమారి. "ఇంకో పెట్టె ఈ గడప దాటిందా, ఊరుకోను."

మరునాడు మాస్టారు మైకుసెట్ల వీరబాబు కొట్టుకెళ్లారు. ఊళ్లో అతన్ని వాట్ల వీరబాబంటారు. వాళ్లమ్మాయి పుట్టినప్పుడు బరువెంతని అడిగితే కూడా వాట్లలో చెప్పాడని వదంతి.

"ఆయ్, గది ఎంతుంటదండి?"

"పది బై పది."

"అయితే వెయ్యి వాట్లు సరిపోద్దండి."

"స్పీకరు మీద వంద అని రాసుందయ్యా!"

"అది ఆటి మొహమాటవండి. మనం వడ్డించాలి గానీ, వద్దంటాయాండి?"

సత్యకుమారి పెనుగొండ గుడికెళ్లిన రోజు చూసి, వెయ్యి వాట్ల పెట్టెని ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. స్విచ్చి వెయ్యగానే దాని ఫ్యాన్లు రెండూ లేచాయి. క్యాలెండరు గోడ మీంచి లేచి మళ్లీ కూర్చుంది. వినడానికొచ్చిన ఎజ్రా కళ్లు మూసుకుని పాటంతా ఓపిగ్గా విన్నాడు.

"బానే ఉందండి. కానీ పాట మధ్యలోకి మా పంటు ఎందుకొచ్చిందండి?"

పెట్టె వెనక్కి పోయింది. ఎజ్రా అప్పుడు నెమ్మదిగా చెప్పాడు: స్పీకర్లు ఎనిమిది ఓములవి, వంద వాట్లు చాలు, అసలు ఫ్యాన్ లేనిది చూడండి, పైన జల్లెడలా చిల్లులుంటాయి, ఆ చిల్లుల్లోంచే చల్లారుతుంది. అలాంటిది కొత్తది కొనాలంటే మాస్టారి బడ్జెట్ రెండింతలవాలి. ఆ బడ్జెట్ వేసవిలో పదో తరగతి పేపర్లు దిద్దిన డబ్బు. అదృష్టం కొద్దీ పాలకొల్లులో ప్రసన్నకుమార్ అనే బ్యాంకు మేనేజరుకి బదిలీ అయింది. తన దగ్గరున్న అలాంటి పాత ఆంప్లిఫైయరు అమ్మేస్తున్నాడు. పేపర్ల డబ్బుకి రూపాయి అటూ ఇటూ కాకుండా సరిపోయింది.

ఇక మిగిలింది గడప దాటించడం.

"ఏంటండీ అది?"

"స్టెబిలైజరు," అన్నారు మాస్టారు. దారంతా వల్లించుకుంటూ వచ్చారేమో, తడబడలేదు. "వోల్టేజీ బాగోట్లేదు కదా, ఫ్రిజ్‌కి."

సత్యకుమారి ముఖం వికసించింది. "ఇన్నేళ్లకి ఇంటికి పనికొచ్చే వస్తువు తెచ్చారు!" అని, అడక్కుండానే కాఫీ ఇచ్చింది. స్టెబిలైజరుని వంటింట్లో ఫ్రిజ్ నెత్తిన పెట్టించింది. మాస్టారు దాని వెనక నుంచి పొడుగాటి వైర్లు తీసి, వెంటిలేటరు గుండా తన గదిలోకి లాగారు.

"అవేంటండీ?"

"ఎర్తు."

"ఎర్తు మీ గదిలోకెందుకండీ?"

"అక్కడ... భూమి మంచిది."

ఆమె తలూపింది. అంతా సవ్యంగా జరిగిపోయిందని ఆయన ఆ సాయంత్రం ఈల కూడా వేశారు.

అయితే ఆ ఇంట్లో ఒక ఆచారముంది. ఒంటి మీద లేసు లేని వస్తువు ఉండకూడదు. టీవీకి లేసు తొడుగు, మిక్సీకి లేసు తొడుగు, గ్యాసుబండకి గులాబీల లేసు తొడుగు. మాస్టారి హెల్మెట్‌కి కూడా ఒకటుంది. స్కూల్లో పిల్లలు దాన్ని చూడ్డానికే గేటు దగ్గర నిలబడతారు. మర్నాడు పొద్దునకి స్టెబిలైజరు కూడా ముసుగేసుకుని కూర్చుంది.

"సత్యా, దీనికి వద్దులే."

"ఏం, వేడెక్కుద్దా?"

"అబ్బే! స్టెబిలైజరు వేడెక్కడమేంటి?"

"అదేగా నేననేది."

లేసంటే చిల్లులే కదా, గాలాడుతుందిలే అని ఆయన సర్దిచెప్పుకున్నారు.

మొదటి వారం ఆంప్లిఫైయరు నలభై నిమిషాలు పాడి, ఆగిపోయింది. అరగంట పోయాక మళ్లీ పాడింది. రెండో వారం పాతిక నిమిషాలకే ఆగింది. మాస్టారు వైర్లు మార్చారు. మరలు బిగించారు. ఓముల గురించి యూట్యూబులో ఒక హిందీ ఆయన చెప్పినదంతా రాసుకున్నారు, మాస్టారికి హిందీ రాదు. మూడో వారానికి అది పన్నెండు నిమిషాలకి దిగింది.

"వాట్లు చాల్లేదండి," అన్నాడు వీరబాబు ఫోన్లో, బాధగా. "నే ముందే చెప్పానండి."

"స్టెబిలైజరు బాగా పనిచేస్తోందండీ," అంది సత్యకుమారి, వంటింట్లోంచి. "ఫ్రిజ్ ఎంత హాయిగా ఉందో!"

జులై రెండు, శనివారం సాయంత్రం ఎజ్రా, ఆ పాటలు పాడిన వినీల, ఇంకో ముగ్గురు వచ్చి గుడ్లగదిలో ఇరుక్కుని కూర్చున్నారు. మర్నాడు చర్చిలో పాటలు వినిపించాలి. అయిదు పాటలు, ఇరవై రెండు నిమిషాలు. మాస్టారు మనసులోనే గడియారం చూసుకుంటున్నారు. ఒకటి అయింది. రెండు అయింది. మూడో పాటలో వినీల గొంతు పైకి, ఇంకా పైకి వెళ్లి, అక్కడ...

నిశ్శబ్దం.

"కరెంటు పోయింది," అన్నారు మాస్టారు.

అందరూ తలెత్తి చూశారు. ఫ్యాన్ నిక్షేపంలా తిరుగుతోంది.

"ఆంప్లిఫైయరేదండి మాస్టారూ?" అన్నాడు ఎజ్రా. "గదిలో కనబడదేంటండి?"

అయిదు జతల కళ్లు వైరు వెంట నడిచి వెంటిలేటరు దాకా వెళ్లాయి. గుమ్మంలో సత్యకుమారి కాఫీ పళ్లెంతో నిలబడి ఉంది.

"అది వంటింట్లోకెళ్తదండి. ఎర్తంట," అంది.

మాస్టారు గుడ్ల అట్టలకేసి చూశారు. తెల్లారితే అవి బయట ఉంటాయి. ఇంక దాచుకోడానికేం మిగల్లేదు.

"సత్యా, అది స్టెబిలైజరు కాదు."

"మరేంటండీ?"

"ఆంప్లిఫైయరు."

"వేడెక్కుద్దా?"

"ఎక్కుద్ది," అన్నారు మాస్టారు.

ఆమె పళ్లెం వినీల చేతికిచ్చి వంటింట్లోకి నడిచింది. వెనకాలే అందరూ వెళ్లారు. స్టెబిలైజరు ముసుగు తీసింది. కింద ఇంకో ముసుగు. దాని కింద మరోటి, దుప్పటంత మందంది. ఆంప్లిఫైయరు నెత్తిన చెయ్యిపెట్టి, "అప్పడం కాల్చుకోవచ్చు," అంది. టేబుల్ ఫ్యాన్ తెచ్చి దానికెదురుగా పెట్టింది.

"మూడు తొడుగులా?" మాస్టారు నోరు తెరిచారు.

"వారానికోటి వేశానండి. మీరు నిజం చెప్పేదాకా వేద్దామనుకున్నా. తొడుగులకని తీసిన దారం అయిపోవచ్చింది కూడా."

"నీకెప్పుడు తెలిసింది?"

"తెచ్చిన రోజే. వెనకాల ఇంగ్లీషులో స్పీకరు లెఫ్టు, స్పీకరు రైటు అని రాసుంది. రోజూ పార్సిళ్ల మీద ఇంగ్లీషు రాసేది నేనే కదండీ." కాస్త ఆగి అంది. "పాటలో ఈగ వాలితే వినబడుద్ది మీకు. నెత్తి మీద అల్లిక మూడింతలైతే కనబడలేదు."

ఎజ్రా వంటింటి గోడ మీది క్యాలెండరుని శ్రద్ధగా చదవసాగాడు.

పావుగంటకి పాట మళ్లీ మొదలైంది. అయిదూ పూర్తయ్యాయి. వినీల కళ్లు తుడుచుకుంది. ఎజ్రా కళ్లు తెరిచాడు. "బాగుందండి మాస్టారూ," అన్నాడు చివరికి. మాస్టారు ఊపిరి వదిలారు. గది దక్కింది.

"కాకపోతే కొంచెం గోడలు మోగుతున్నాయండి," అన్నాడు ఎజ్రా. "గుడ్ల అట్టలతో అయ్యే పని కాదండి. మెత్తటియేమన్నా నేల నుంచి పైదాకా పేరిస్తే చాలా మంచిదండి."

"దారం పెట్టెలు పనికొస్తాయాండీ?" అంది సత్యకుమారి.

"భేషుగ్గాండి!"

రాత్రి ఎనిమిదికల్లా గుడ్లగది మూడు గోడలూ దారం పెట్టెలతో నిండిపోయాయి. మాస్టారికి కంప్యూటరు ముందు ఒక కుర్చీ పట్టేంత చోటు మిగిలింది. కూర్చుని ఒక పాట పెట్టుకున్నారు. ఒప్పుకోక తప్పలేదు, ఇంత శుభ్రంగా ఎప్పుడూ వినబడలేదు.

మంచినీళ్లకని వంటింట్లోకి వెళితే, ఆంప్లిఫైయరు మీద, ఎప్పుడు అల్లి ఉంచిందో, కొత్త తొడుగొకటి ఉంది. పక్కలకి గులాబీలు, పైన మాత్రం వలలాగా బోసి. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఒక గులాబీ మొదట్నించీ చివరిదాకా చూశారు. రేకుకి రేకు ఆనకుండా, సరిగ్గా గాలి పోయేంత సందు వదిలి అల్లింది.

"బాగుంది సత్యా," అన్నారు.

"రేపు మర్చిపోకుండా స్టెబిలైజరు తెండి."

"ఎందుకూ?"

"ఫ్రిజ్‌కండీ. వోల్టేజీ బాగోలేదని మీరేగా అన్నారు."

మాస్టారు నీళ్ల గ్లాసుతోనే గుమ్మం దాటారు. సత్యకుమారి టేబుల్ ఫ్యాన్ ఆపి, లైటు తీసి, చప్పుడు కాకుండా వంటింటి తలుపు వేసింది.