రాణిగారికి గురువారం సెలవు

గోగులపర్రు మూడు రోడ్ల కూడలిలో కత్తెత్తి నిలబడే రాణి గౌరమాంబ కంచు విగ్రహానికి పురపాలక సంఘం ప్రతి గురువారం సెలవు మంజూరు చేసింది గనక, ఆ ఒక్క రోజూ ఆవిడ బదులు దిమ్మె మీద నిలబడటానికి ఎరువుల కొట్టు కామేశ్వర్రావు భార్య భ్రమరాంబను నియమించారు.

ఇందులో వింతేమీ లేదు. పురపాలక సంఘం స్థలంలో రోజుకు ఎనిమిది గంటలకు మించి నిలబడే వాళ్ళెవరైనా ఉద్యోగుల కిందికే వస్తారని కార్మిక శాఖ తేల్చింది. ఊళ్ళో ఆడ విగ్రహాలు నాలుగు: శత్రువుల్ని ఏటి అవతలికి తరిమిన రాణి గౌరమాంబ, వరదకు అడ్డంగా కొంగు పరిచి ఊరిని కాపాడిన ఏటిగట్టు పేరంటాలు, తాలూకా మొత్తానికి పురుళ్ళు పోసిన డాక్టర్ ఎస్తేరమ్మ, బస్టాండు ముందు తెలుగుతల్లి. నలుగురికీ గురువారమే సెలవు. మగ విగ్రహాల మాటేమిటని ఒక కౌన్సిలరు అడిగాడు. అవన్నీ వేలు చూపిస్తూ నిలబడ్డవేనని, పని పురమాయించే వాళ్ళకు అలసట ఉండదని కార్మిక శాఖ జవాబిచ్చింది. ఆ విగ్రహాలు కూడా కిమ్మనలేదు.

సెలవు ఇవ్వడం ఇచ్చారు గానీ, దిమ్మె ఖాళీగా వదలడానికి లేదు. ఖాళీ దిమ్మె కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు వాళ్ళ తాతగారిని ఎక్కించేస్తారు. మంచినీళ్ళ ట్యాంకు దగ్గర ఒకసారి అలాగే జరిగింది, ఆ తాతగారు ఇప్పటికీ దిగలేదు. అందుకని బదులు మనుషుల్ని పెట్టుకున్నారు. జీతం లేదు, గౌరవం మాత్రం ఉంది. అర్హత ఒక్కటే, ఎక్కువసేపు నిలబడగలగాలి.

"ఎంతసేపు నిలబడగలరమ్మా?" అని అడిగారు ఇంటర్వ్యూలో కమిషనరు సాల్మన్ రాజు గారు.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నిలబడే ఉన్నానండి," అంది భ్రమరాంబ.

ఆయన వెంటనే నియామకపు కాగితం మీద సంతకం పెట్టేశారు.

మొదటి గురువారం పొద్దున్నే రాణిగారు నిచ్చెన మీదుగా దిగారు. దిగుతుంటే మోకాళ్ళు కిర్రుమన్నాయి. కత్తి భ్రమరాంబ చేతికిచ్చి, చేయవలసిన పని చెప్పారు.

"కత్తి తేలికేనమ్మాయ్, భయపడకు. మరీ పైకెత్తావంటే మధ్యాహ్నానికి భుజం లాగేద్ది. కాకులొస్తాయ్, పట్టించుకోకు. ఎవరన్నా దండెయ్యడానికొస్తే తల వంచినట్టుండాలి, వంచకూడదు."

"మరి మీరెక్కడికండీ?"

"మ్యాట్నీకి."

ఇన్నేళ్ళు లారీ డ్రైవర్ల మధ్య నిలబడి, రాణిగారి గ్రాంథికం ఎప్పుడో అరిగిపోయింది. ఆవిడ రోడ్డు దాటి హోటల్లో పెసరట్టు చెప్పుకుని కూర్చున్నారు. బెంచీ విరిగింది. సర్వరు రెండో బెంచీ వేశాడు.

ఇక భ్రమరాంబకు ఆ రోజు ఏం జరిగిందయ్యా అంటే, ఏమీ జరగలేదు. అదే ఆవిడ జన్మలో జరిగిన అన్నిటికన్నా గొప్ప సంగతి. కాలవ లాకుల మీంచి చల్లటి గాలి వచ్చి చీర కుచ్చిళ్ళు ఆడించింది. రైసుమిల్లు పొగ సన్నగా పైకి పోయింది. ఆడపిల్లలు సైకిళ్ళ మీద జట్లుజట్లుగా బడికి వెళ్ళారు. చిల్లర కోసం కండక్టరూ ఒక ముసలాయనా తగువు పడ్డారు, మళ్ళీ నవ్వుకున్నారు. ఇంతకాలం ఆ కూడలి మీదుగా సంచీ పట్టుకుని పరుగెత్తడమే గానీ, ఒక్కసారి ఆగి చూసిన పాపాన పోలేదు ఆవిడ. ఆగితే ఊరుకుంటారా? "ఎవరికోసమమ్మా?" అని ఒకరు, "బస్సు తప్పిపోయిందా?" అని ఒకరు, "ఇంట్లో ఏమన్నా గొడవా?" అని ఇంకొకరు. దిమ్మె మీద నిలబడితే ఆ ప్రశ్నలు వేసే నాథుడే లేడు. పైగా, ఆవిడ కాపురానికొచ్చిన నాటి నుంచీ ఒక్కసారి కూడా పలకరించని పెద్దమనిషి ఒకాయన చెప్పులు విడిచి మరీ దణ్ణం పెట్టాడు. భ్రమరాంబకు పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. పైకి రానివ్వకుండా పొట్టలోనే నవ్వుకుంది. ప్రాణం లేచొచ్చినట్టయింది.

సాయంత్రం కామేశ్వర్రావు స్కూటరు మీద వచ్చి, అలవాటు కొద్దీ రాణిగారికి నమస్కారం పెట్టి, అప్పుడు పోల్చుకున్నాడు.

"ఏవే! బీరువా తాళం ఎక్కడ పెట్టావ్?"

"విగ్రహంతో మాటలేంటండీ," అన్నాడు ట్రాఫిక్ కానిస్టేబులు. "వెనకాల బండ్లు ఆగిపోతన్నాయ్, కదలండి."

ఆ మాటకు భ్రమరాంబ ఆ కానిస్టేబుల్ని మనసులోనే నిండు నూరేళ్ళూ బతకమని దీవించింది.

సంగతి ఊరంతా పాకింది. నాలుగు దిమ్మెలుంటే నలుగురికే గురువారం. మిగతా వాళ్ళ గతేమిటి? గోగులపర్రు ఆడవాళ్ళకు ఒక్కసారిగా చరిత్ర మీద మక్కువ పుట్టింది. మహానుభావులైన స్త్రీలను వెతికి వెతికి తవ్వి తీశారు. ఆవకాయలో మొట్టమొదట వెల్లుల్లి వేసిన మహాతల్లికి విగ్రహం కావాలన్నారు. సీతమ్మవారి పెళ్ళిలో విస్తళ్ళు కుట్టినావిడకు కావాలన్నారు.

"అలాంటావిడ ఉందని రుజువేంటమ్మా?" అన్నారు కమిషనరు గారు.

"విస్తళ్ళు లేకుండా అంత మందికి భోజనాలెలా పెట్టారండీ?"

సాల్మన్ రాజు గారు న్యాయం తెలిసిన మనిషి. మంజూరు చేశారు. దసరా వెళ్ళేసరికి సందుకో దిమ్మె లేచింది. కొత్త విగ్రహాలన్నీ గురువారమే సెలవు కోరుకున్నాయి. బదులు ఆడవాళ్ళు ఒకరికొకరు కనబడుతూ, ఈ సందు నుంచి ఆ సందుకు కనుబొమలెగరేసుకుంటూ నిలబడేవారు. మా ఆడవాళ్ళకు ఎంత దేశభక్తి అని మగవాళ్ళు మొదట్లో మురిసిపోయారు. తర్వాత ఆకలేసింది.

కామేశ్వర్రావు అర్జీ పెట్టాడు. ప్రతివాది డ్యూటీలో ఉంది గనక విచారణ కూడలిలోనే జరిగింది. కమిషనరు గారికి దిమ్మె కింద కుర్చీ వేశారు. భ్రమరాంబ పైనుంచి అంతా వింటూనే ఉంది. తన గురువారం ఉంటుందో ఊడుతుందో ఇప్పుడు తేలిపోతుంది. చెయ్యి వణికితే కత్తి వణుకుతుంది, కత్తి వణికితే డ్యూటీలో లోపం రాస్తారు. పళ్ళు బిగబట్టుకుని నిలబడింది.

"గురువారం మా ఇంట్లో పొయ్యి వెలగట్లేదండి," అన్నాడు కామేశ్వర్రావు.

"అంటే, మీ ఇంట్లో ఒక పోస్టు ఖాళీ పడుతోందన్నమాట."

"పోస్టేంటండీ, మా ఆవిడండి."

"చూడండి కామేశ్వర్రావు గారూ. అది పోస్టయితే, ఇన్నేళ్ళు వారపు సెలవు లేకుండా చేయించుకున్నందుకు మీ మీద కార్మిక శాఖకు రాయాలి. పోస్టు కాకపోతే ఖాళీ లేదు. ఖాళీ లేనప్పుడు ఫిర్యాదెక్కడిది? రెండిట్లో ఏదంటారు?"

కామేశ్వర్రావు బుర్ర గోక్కున్నాడు. జనం వైపు చూశాడు. పెళ్ళాం వైపు చూడలేదు.

"పోస్టు కాదండి."

"అయితే ఇక్కడో సంతకం చెయ్యండి. ఫిర్యాదు లేదు."

చుట్టూ మూగిన ఆడవాళ్ళు ఈలలు వేశారు. గోగులపర్రులో ఆడవాళ్ళకు ఈల వచ్చునని ఆ రోజే తెలిసింది. భ్రమరాంబ కత్తి అంగుళం కూడా కదల్లేదు.

అర్జీతో కాని పనిని జాలితో చేయించారు కామేశ్వర్రావు తల్లి సీతారత్నం గారు. ఆవిడ మంచిదే, పాపం చెడ్డదని చెప్పలేం. "పిల్ల ఎండలో మాడిపోతోంది నాయనా," అన్నారు కమిషనరు గారితో. "విశ్రాంతే కావాలంటే ఇంటిపట్టున కుర్చీలో కూచోవచ్చు గదా. వద్దంటామా?" మాట సబబుగా ఉంది. ఊళ్ళో మొగుళ్ళంతా ఔనంటే ఔనన్నారు. వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది: ఇకమీదట గోగులపర్రు ఆడవాళ్ళందరికీ ప్రతి గురువారం ఎవరింట్లో వాళ్ళకే సెలవు, ఆ రోజు దిమ్మెల మీద విగ్రహాల బదులు ఫ్లెక్సీలు కట్టాలి. ఫ్లెక్సీ అయితే కాకులు కూడా వాలవని ఇంజినీరు సంతోషించాడు.

భ్రమరాంబ చివరిసారి దిమ్మె దిగింది. కత్తి అప్పగిస్తుంటే రాణిగారు ఆవిడ ముఖంలోకి చూశారు.

"ఇంట్లోనా?" అన్నారు. "ఇక్కడైతే కనీసం గాలొస్తుందమ్మాయ్."

ఆ గురువారం భ్రమరాంబ హాల్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సీతారత్నం గారు వచ్చి నుదురు పట్టుకు చూశారు, జ్వరమేమోనని. పక్కింటి చిట్టెమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి హడలిపోయింది. "ఏంటొదినా, అలా కూచున్నావ్? ఎవరన్నా పోయారా?" అని పరుగున లోపలికొచ్చింది. ఎవరూ పోలేదని నమ్మించడానికి ఆవిడకు మంచినీళ్ళివ్వాల్సి వచ్చింది, ఇవ్వడానికి లేవాల్సి వచ్చింది. లేచినందుకు సీతారత్నం గారు, "ఎలాగూ లేచావు గదా, ఆ పాలగిన్నె కాస్త దించు," అన్నారు. కూర్చోబోతుంటే కామేశ్వర్రావు చొక్కా తెచ్చాడు.

"ఊరికే కూచున్నావు గదా, ఈ గుండీ కుట్టెయ్."

ఊరికే కూచున్నావు గదా, కందిపప్పులో రాళ్ళేరు. ఊరికే కూచున్నావు గదా, దోమతెర ఉతికి చాలా రోజులైంది. మధ్యాహ్నమయ్యేసరికి ఆవిడ మామూలు రోజుల్లో చేసే పనులన్నీ చేసి, మామూలు రోజుల్లో వాయిదా వేసేవి కూడా పూర్తి చేసింది. ఊరంతా అదే వరస. కొందరైతే ఇంతకన్నా శుక్రవారమే నయమన్నారు.

కమిషనరు గారు ఇల్లిల్లూ తిరిగి చూసి, పైవాళ్ళకు నివేదిక పంపారు. నేల మీద ఉన్న ఆడమనిషి విశ్రాంతి తీసుకుంటున్నట్టు చూసేవాళ్ళ కంటికి ఆనడం లేదని, ఇది ఎవరి తప్పూ కాదని, ఎత్తు సమస్య మాత్రమేనని అందులో రాశారు. కాబట్టి ఇంటింటికీ మోకాలెత్తు దిమ్మె ఒకటి మంజూరు చేయించారు. దాని మీద నిలబడ్డంతసేపూ ఆవిడ విగ్రహమే. పని చెప్పకూడదు, ప్రశ్న వెయ్యకూడదు. దణ్ణం మాత్రం పెట్టొచ్చు.

ఊరికి పండగొచ్చింది. మేస్త్రీలకు చేతినిండా పని. ఎవరింట్లో దిమ్మె బాగుందని పోటీ. కామేశ్వర్రావు స్వయంగా రాజమండ్రి వెళ్ళి నల్ల గ్రానైటు ఎంచి తెచ్చాడు. టీవీ పక్కన కట్టించాడు. బ్యాండు మేళం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరించాడు. రాతి మీద పెద్ద అక్షరాల్లో "దాత: శ్రీ కామేశ్వర్రావు గారు, ఎరువులు, పురుగుమందులు" అనీ, దాని కింద చిన్నగా "భ్రమరాంబ" అనీ చెక్కించాడు. పెళ్ళి శుభలేఖ తర్వాత తన పేరు అచ్చులో చూసుకోవడం ఆవిడకు మళ్ళీ అదే మొదటిసారి. వేళ్ళతో తడిమి చూసుకుంది. ఎంత కాదనుకున్నా సంతోషమనిపించింది. మోకాలెత్తయినా దిమ్మె దిమ్మే గదా, గురువారం దక్కింది.

కొత్త దిమ్మె మీద మొదటి గురువారం ఆవిడ పట్టుచీర కట్టుకుని ఎక్కింది. కత్తి లేదు గనక చేతులు జోడించి నిలబడింది. ఎవరూ ఏమీ అడగలేదు. చిట్టెమ్మ కూడా తొంగిచూడలేదు, వాళ్ళింట్లో ఆవిడా దిమ్మె మీదే ఉంది. సీతారత్నం గారు సాంబ్రాణి పొగ వేసి, కోడలికి దణ్ణం పెట్టి, పురాణం పుస్తకం పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయారు. ఇల్లు నిశ్శబ్దంగా, చల్లగా, ఎంతో హాయిగా ఉంది.

అప్పుడు కామేశ్వర్రావు వంటింట్లోకి వెళ్ళాడు. పుట్టి బుద్ధెరిగాక పొయ్యి దాకా వెళ్ళడం ఆయనకు అదే మొదలు. డబ్బాలు ఒక్కొక్కటే మూతలు తీస్తున్న చప్పుడు హాల్లోకి వినబడుతోంది. పంచదార ఎక్కడుందో ఆవిడకు తెలుసు, కానీ విగ్రహం చెప్పకూడదు. పాలు పొంగిన వాసన వచ్చింది. చాలాసేపటికి ఆయన చెమటలు కక్కుకుంటూ, పొగలు పోయే కాఫీ స్టీలు గ్లాసులో పట్టుకుని బయటికొచ్చాడు.

భ్రమరాంబ కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడి చేతి కాఫీ! ఆవిడ మనసు లేడిపిల్లలా గంతులేసింది.

ఆయన గ్లాసును భక్తిగా ఆవిడ పాదాల దగ్గర దిమ్మె మీద పెట్టాడు. చుట్టూ నీళ్ళు తిప్పాడు. గంట వాయించాడు. కళ్ళు మూసుకుని కాసేపు ఏదో గొణుక్కున్నాడు. తర్వాత గ్లాసు తీసి కళ్ళకద్దుకుని, తనే తాగేశాడు.

"పంచదార కాస్త తగ్గింది," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "వచ్చే గురువారం చూసుకుందాంలే."

ఖాళీ గ్లాసు ఆవిడ పాదాల దగ్గరే పెట్టి, లెంపలు వేసుకుని, మరోసారి దణ్ణం పెట్టి కొట్టుకు వెళ్ళిపోయాడు. భ్రమరాంబ కదల్లేదు. కంగారేముంది, గ్లాసు శుక్రవారం పొద్దున కడుక్కోవచ్చు.