ఊగే మిషన్ వద్దన్న లింగమూర్తి

కరీంనగర్‌ల కార్లను వేళ్లమీద లెక్కవెట్టే రోజులవి. బీడీ ఆకు కాంట్రాక్టరు లింగమూర్తికి రెండంటే పానం. ఒకటి, రిటైరైన ఫారెస్టు ఆఫీసరు కాడ కొన్న పాత నల్లకారు. రెండోది, ఆ కారును ఎవలన్నా చూస్తుంటే దాని పక్కన నిలవడుడు. పెండ్లాం బాలలక్ష్మి ఎన్నో నంబరో ఆమె అడుగలే, ఆయన చెప్పలే.

ఓనాడు పొద్దుగాల ఎండ ఏటవాలుగ కారు మీద పడ్డది. లింగమూర్తి వంగి చూసిండు. నల్లరంగు మీద గుండ్రంగ సన్నటి గీతలు, సాలెపురుగు పిల్లజెల్లతోని వచ్చి కాపురం పెట్టినట్టు.

"దుమ్ముగుడ్డతోని తుడువద్దని ఎన్నిసార్లు చెప్పిన! వింటివా?" అన్నది బాలలక్ష్మి, బియ్యం చెరుగుకుంట.

"రంగుల సంగతి నీకేం ఎరుక?"

అనుడైతే అన్నడు గని, ఆమె పుట్టిల్లు నిర్మల్. ఆమె బాపు లచ్చయ్య కొయ్యబొమ్మలకు రంగులేసి అద్దంలెక్క మెరిపిచ్చే మనిషి. ఆమె నడుక నేర్వకముందే రంగుడబ్బా మూత తీసుడు నేర్చిందంటరు.

లింగమూర్తి పరేషాన్ ఊకెనే గాదు. ఇంక పదిరోజులల్ల నిర్మల్‌ల బామ్మర్ది పెండ్లి. ఊరేగింపుకు రెండు కార్లు వస్తున్నయి. ఒకటి ఈయనది. ఇంకోటి మరదలు రామవ్వ మొగుడు హనుమండ్లుది, నిరుడు కొన్న కొత్త కారు. "ఏది మంచిగ మెరుస్తె దాన్లనే నా కొడుకు కూసుంటడు" అని మామ కార్డు రాసిండు.

లింగమూర్తి సీదా అంబదాస్ సేటు దుకాణానికి పోయిండు. బొంబాయి నుంచి వచ్చిన కరెంటు పాలిష్ మిషన్లు రెండున్నయక్కడ.

"గీ పెద్దది గిర్రున తిరుగుతది," అన్నడు సేటు. "పని జల్ది అయితది గని, చెయ్యి అలవాటు లేకుంటె రంగు కాల్తది. గీ చిన్నది తిరుక్కుంట జర ఊగుతది. లేటైతది, గని కొత్తోళ్లకు ఫికర్ లేదు."

"సేటూ, ఊగేటోళ్లు కల్లు దుకాణం కాడ మస్తుమంది ఉన్నరు. ఇంకోన్ని ఇంటికి తోల్కపోవాల్నా?"

పెద్దదాన్ని ఎత్తంగనే నడుము కలుక్కుమన్నది. నడుము విరిగేంత బరువుందంటె మాల్ అసలుదన్నట్టే అని సంబురపడ్డడు.

"ఏందది?" అన్నది బాలలక్ష్మి గడపల నిలవడి.

కారుకని చెప్తె, రంగుల మీద మళ్ల పాఠం వినాలె. "నీకోసమే తెచ్చిన! బండలు మెరిపిచ్చే మిషన్. పాపం, నీ మోకాళ్లు నొస్తున్నయని."

పన్నెండేండ్ల కాపురంల మొగడు ఆమె మోకాళ్ల పేరెత్తుడు గదే మొదలు. ఆమె ఆయన మొకం దిక్కు ఓ గడియ చూసింది. "అయితే కానియ్యి. అర్రలకెల్లి మొదలువెట్టు."

మిషన్ ఎటు గుంజితే లింగమూర్తి అటు ఉరికిండు. అర్రల మొదలైనోడు వంటింట్ల పప్పుడబ్బాను గుద్దుకొని ఆగిండు.

"నువ్వు మిషన్ నడిపిస్తున్నవా, మిషన్ నిన్ను నడిపిస్తుందా?"

సాయంత్రానికి పక్కింటి కనకవ్వ వచ్చి, బండలల్ల తన ముక్కుపుడక చూసుకొని మురిసింది. తెల్లారి ఆమె ఇల్లు. మాపటికి దేవవ్వ ఇల్లు. "మా ఆయనకు నలుగురికి సాయం జేసుడంటె పానం" అని బాలలక్ష్మి వాడంత చెప్పింది. నాలుగు రోజులల్ల ఆరిండ్లు మెరిసినయి. కారు మాత్రం అట్లనే ఉన్నది.

ఐదోనాడు బాలలక్ష్మి కిష్టవ్వ ఇంటికి పోయింది. లింగమూర్తి మిషన్‌ను కారు కాడికి గుంజుకపోయి, ముందటి చక్రం మీది రేకు అంచున ఆనిచ్చిండు. సర్రుమన్నది. కమురువాసన. లేపి చూస్తె, జొన్నరొట్టెంత జాగల నలుపు పోయి, ఎర్రటి కిందిపూత పండ్లికిలిచ్చింది.

బాలలక్ష్మి వచ్చేటాల్లకు కారు మీద గొంగడి ఉన్నది.

"కారుకు గొంగడేందయ్యా?"

"చలివెడ్తుందని."

"మిట్టమధ్యాన్నం, గీ ఎండలనా?"

"పాతది గద. ముసలి పానం."

ఆమె గొంగడి గుంజింది. తిడ్తదనుకున్నడు. తిట్టలే. పిల్లగానికి దెబ్బ తాకితె చూసినట్టు, కూసుండి వేలుతోని మెల్లగ తడిమింది.

"అంచు మీద రంగు పల్చగుంటది. మా బాపు బొమ్మ చెవుల కాడ గుడ్డ గూడ గట్టిగ ఆనియ్యడు." లేచి కొంగు దులుపుకున్నది. "మిషన్ కారుకే తెచ్చినవని నాకు మొదటినాడే ఎరుక. సేటు పెండ్లాం బాయికాడ చెప్పింది. చెయ్యి కుదురుతదని బండలు రుద్దిపిచ్చిన. ఆరిండ్లు రుద్దినా కుదురకపాయె!"

"మరిప్పుడెట్లనే?" లింగమూర్తి గొంతు మేకపిల్లలెక్క వచ్చింది.

తెల్లారి ఇద్దరు దుకాణానికి పోయిండ్రు. పెద్దది వాపసిచ్చి, ఊగేదే తెచ్చిండ్రు. మిషన్‌కు తొడిగే ఉన్నిబిళ్లలను బాలలక్ష్మి బొటనవేలుతోని ఒత్తి చూసి, రెండు పక్కకు వారేసి, మూడోది మెత్తగున్నదని తీసుకున్నది. ఇంటికొచ్చి మొదలు చెయ్యంత జాగల రుద్ది, ఎండల చూసింది. మంచిగనిపిచ్చినంకనే ముందటికి పోయింది. అంచులన్ని చేతితోనే. కాలినకాడ పెట్టెల దాసుకున్న పుట్టింటి నల్లరంగు ఒక్కో పూత ఆరినంక ఇంకో పూత, మూడు పూతలేసింది. గుడ్డలు ఉతుకుడు లింగమూర్తి వంతు. నాలుగోనాటికి సాలెపురుగు కాపురం ఖాళీ చేసింది.

నిర్మల్‌ల లచ్చయ్య రెండు కార్ల ముంగట గొంతుకూసున్నడు. హనుమండ్లు కారు మీది సన్నగీతలు ఏటవాలుగ చూసి, "దీన్ని దుమ్ముగుడ్డతోనే తుడుస్తున్నవా అల్లుడా?" అన్నడు. లింగమూర్తి కారు కాడ శానసేపు చూసిండు. ముందటి అంచు మీద బొటనవేలు ఆగింది.

"మూడు పూతలు," అన్నడు. "ఇది నా బిడ్డ చెయ్యి."

"మెరుగు నేనే పెట్టిన మామా" అని లింగమూర్తి తొవ్వపొంట నేర్చుకున్న మాట గొంతులనే ఉండిపోయింది. బాలలక్ష్మి తల దించుకొని నవ్వింది. ఆ నవ్వు ముంగట కారు మెరుపేపాటిదని ఆయనకు అప్పుడే అనిపిచ్చింది.

పెండ్లికొడుకు నల్లకారు ఎక్కి ఊరేగిండు. వచ్చి దిగిండో లేదో, రామవ్వ ఉరికొచ్చింది. "బావా, మా కారు గూడ రుద్దుతవట గద! మిషన్ డిక్కీలనే ఉన్నదని అక్క చెప్పింది."

లింగమూర్తి పెండ్లాం దిక్కు చూసిండు.

"చెయ్యి ఇప్పుడిప్పుడే కుదురుతుంది," అన్నదామె. "నడుమల ఆపద్దు."

అందరు బంతిల కూసున్న యాళ్ల లింగమూర్తి పందిరి పక్కన వంగి, సడ్డకుని కారును మెల్లగ రుద్దుతుండు. హనుమండ్లు బెల్లం పోలెలు తినుకుంట వచ్చి పక్కన నిలవడ్డడు.

"చేతికి నెయ్యైంది అన్నా," అన్నడు మస్తు బాధపడుకుంట. "లేకుంటె నేను గూడ ఓ చెయ్యేసేటోన్ని."